ముక్కంటి ముడిలో వెంట్రుక

ధూమ్రగిరి కోట బయటి వాకిట్లో, సూర్యుడు నడినెత్తికి ఎక్కుతుండగా మూడు ఎడ్లబండ్లు వచ్చి ఆగాయి. మూడో బండి తోలుతున్న మీసాలాయన నిజానికి మీసాలాయన కాడు. ఆ మీసం కొబ్బరి పీచు. దాని వెనక చెమటలు కక్కుతున్న మనిషి మోకురేవులో తాళ్ళు పేనేవాళ్ళ శ్రేణికి, అంటే సంఘానికి, పెద్ద అయిన కామసాని. మొగుడి తలపాగా చుట్టుకుని, మొగుడి అంగీ తొడుక్కుని, మూడామడల దూరం ఎడ్లను అదిలిస్తూ వచ్చింది. ముందు బండి మీద కూర్చున్న సొంత మేనమామ కోనప్ప కూడా ఆమెను ఆనవాలు పట్టలేదు. అసలు బండివాళ్ళ ముఖాలు చూసే అలవాటు ఆయనకు ఎక్కడ ఏడిసింది? శ్రేణిలో అందరికన్నా పాత పనివాడనని గొప్ప. తలపాగా తీసి విసురుకుంటుంటే ఆయన బట్టతల ఎండకు తళతళలాడుతోంది.

ఆ కోటను చూసి మురిసేవాళ్ళు మురవచ్చు. కాటుకరంగు రాతిగోడలు, గోడల మీద ఏడు వరసల బురుజులు, బురుజు బురుజుకూ రాగితో పోతపోసిన తోడేలు తల, ఆ తలల నోళ్ళలోంచి ఎడతెగక ఎగిసే నీలిపొగ, ఆ పొగలో తేలుతూ మాయమవుతూ వెండి జలతారు జెండాలు! కామసాని మాత్రం ఆ గోడల వంక చూడకుండా పగ్గాలు బిగించింది.

ఆడకూతురికి ఈ వేషం ఎందుకంటారా? చెబుతాను. మోకురేవు ఉప్పునేల. కొబ్బరి తప్ప మరో మొక్క బతకదు. ఊళ్ళోని మూడు వందల గడపలూ పీచు నానబెట్టి, కొట్టి, పురి తిప్పి, మోకులు పేని బతికేవే. పూర్వం పడవలవాళ్ళు కొనేవారు, మావటివాళ్ళు కొనేవారు, తేరు లాగే ఊళ్ళవాళ్ళు కొనేవారు. రెండేళ్ళ కిందట కోనప్ప ధూమ్రగిరి బేరం తెచ్చాడు. కోట దొర జంభకేతుడు మాంత్రికుడు. ఎన్ని మోకులు పేనినా తీసుకుంటాడు, బదులుగా ధాన్యం బండ్లు పంపుతాడు. ఇంకేం, ఊరు ఊరంతా ఆయనకే పేనడం మొదలెట్టింది. పడవలవాళ్ళు వచ్చి అడిగితే "తీరిక లేదు, పొండి" అన్నారు. వాళ్ళు మూడుసార్లు అడిగి చూసి వేరే రేవు వెతుక్కున్నారు. ఇప్పుడు మోకురేవులో ఉడికే ప్రతి మెతుకూ ధూమ్రగిరిదే. పందిరంతా ఒక్క గుంజకు కట్టినవాళ్ళను తెలివిగలవాళ్ళని నేనైతే అనను.

పది గడపలవాళ్ళు పురులు తిప్పి ఇస్తే, ఒక్కో మోకును పేనేది ఒక్క పనివాడే. అక్కడి మోకుకు ఒక మర్యాద ఉంది. పేనడం మొదలెట్టిన మొదటి బారలో, పురుల నడుమ, పేనినవాడు తన తల వెంట్రుక ఒకటి పెడతాడు. ఆ మొన మీద తన సొంత ముడి వేస్తాడు. నడిసముద్రంలో మోకు తెగి మనిషి పోతే మొన విప్పి చూస్తారు. ముడి ఎవడైనా వేస్తాడు, వెంట్రుక అబద్ధమాడదు అని వాళ్ళ మాట. శ్రేణికి పెద్ద అయినవాళ్ళు మాత్రం పేనరు, ముడులు చూసి సరుకు దాటిస్తారు. కామసాని రెండేళ్ళుగా చేస్తున్న పని అదే.

ఎనిమిది నెలలుగా ఆమె మొగుడు ఓబయ్య మంచం మీద ఉన్నాడు. రోజూ మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి అతని ఒంటి మీద వాతలు తేలుతున్నాయి. మోకు ఒరుసుకుంటే పడే వాతలు. ఊళ్ళో పేనే మిగతావాళ్ళకు నడుం నొప్పులు, భుజం సలుపులు. వైద్యుడు ఉప్పుగాలి అన్నాడు. ఓబయ్య సంగతి అడిగితే పున్నమి దాటడన్నాడు. పున్నమికి నాలుగు రోజులే ఉంది. ధూమ్రగిరికి బండ్లు వెళ్ళినప్పుడల్లా వాతలు ముదురుతున్నాయని కనిపెట్టింది కామసాని. శ్రేణి సభలో లేచి, ఈ బేరం మానుకుందామా అని అడిగింది.

కోనప్ప ఇంతెత్తున లేచాడు. "మానుకుని ఏం తింటావే? ఉప్పా?" అన్నాడు. సభ మొత్తం ఆమె ముఖం చూసింది. ఉంచడమైనా ఊడ్చడమైనా పెద్ద మాటే చివరి మాట. మూడు రోజుల్లో చెబుతానని సభ ముగించింది. మన మోకులతో ఆ దొర ఏం చేస్తున్నాడో కళ్ళారా చూడకుండా మాట ఇచ్చేది లేదని ఇలా బయల్దేరింది.

"సరుకు దించండి! బండివాళ్ళు వెనక్కి! లోపలికి కోనప్ప ఒక్కడే!" కాపలాదారు కేకేశాడు.

ఎనిమిది మోకులు, ఎనిమిది చుట్టలు. ఒక్కో చుట్ట నిలువెత్తు ఉంది, నడుమ నుయ్యిలా ఖాళీ. కోటవాళ్ళు చక్రాల బల్లలు తోసుకొస్తున్నారు. కామసాని ఎద్దు తోక మెలిపెట్టింది. ఎద్దు బెదిరి కాపలాదారు మీదికి కాలు విసిరింది. "ఓరి నీ బండి తగలెయ్య!" అని వాడు అటు దూకగానే ఆమె ఇటు చుట్ట ఎక్కి నడిమి ఖాళీలోకి జారిపోయింది. బండివాడు ఎక్కడని వెతికే ఓపిక ఎవరికీ లేదు. చుట్టను బల్ల మీదికి దొర్లించి లోపలికి తోశారు.

లోపల ఊపిరాడదు. పీచు ఒళ్ళంతా గుచ్చుకుంటోంది. తాడు చుట్ల మధ్య సందులోంచి చూస్తోంది. మూడు వాకిళ్ళు దాటాయి, ఒక సొరంగం దాటింది, ఒక్కసారిగా కళ్ళు చెదిరే వెలుతురు.

అది కొండల నడుమ పెద్ద గిన్నెలాంటి లోతైన లోయ. లోయ గోడలకు పచ్చలు, కెంపులు పొదిగినట్టు రంగురాళ్ళు. నడుమ నూరు రాతి స్తంభాలు. ఆ స్తంభాల మధ్య గండభేరుండం! రెండు తలలు, రెండు మెడలు, ఒక్కో ఈక ఒక్కో పడవ తెరచాపంత. ఒక తల బంగారు రంగు, రెండోది ఇంగలీకపు ఎరుపు. రెక్కలకు మోకులు, కాళ్ళకు మోకులు, మెడలకు మోకులు. అన్నీ మోకురేవు మోకులే. ప్రతి మొనా ఒక స్తంభానికి బిగించి ఉంది, ప్రతి మొన మీదా తనకు తెలిసిన ముడి.

సూర్యుడు నడిమింట నిలిచాడు. పక్షి రెక్కలెత్తి ఒక్క పెట్టున లాగింది. లోయ కదిలింది. నూరు మోకులూ బిర్రబిగిసి పాడాయి. ఒక్కటీ తెగలేదు. "ఇప్పుడే, ఈ క్షణానే, అక్కడ ఆయన ఒళ్ళు..." అనుకుంది కామసాని. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

అంతలో భటులు చుట్ట పట్టుకుని ఎత్తారు. చుట్ట పైకి లేవగానే, కింద ఒక మనిషి చతికిలబడి కనిపించింది. "దొంగ!" అన్నాడొకడు. మరొకడు మీసం పట్టి లాగితే మీసమే చేతికొచ్చింది. తలపాగా జారి, జడ నడుం దాకా విడిపోయింది.

"అయ్యయ్యో, స్వామీ! అది నా మేనకోడలు! మొగుడి జబ్బుతో మతి చెడింది, వదిలెయ్యండి!" అంటూ కోనప్ప పరుగెత్తుకొచ్చాడు. తర్వాత పళ్ళు బిగించి, "ఏమే కామసానీ, కూడు పెట్టే ఇంటికి దొంగలా వస్తావా? సిగ్గులేదూ!" అన్నాడు.

పొగరంగు పట్టుబట్టలో, పాము చర్మంతో కట్టిన జడలతో జంభకేతుడు మెట్లు దిగి వచ్చాడు. కోపంగా లేడు. కొనుక్కున్న కోడిపెట్టను చూసినట్టు చూశాడు.

"మోకురేవు పెద్దా! రా రా. సరుకు ఎలా వాడుతున్నానో చూడ్డానికొచ్చావా? చూడు. ఏనుగును కట్టినా ఏడాదికి పాడయ్యే పీచు, గండభేరుండాన్ని ఎలా పట్టి ఉంచిందో చెప్పగలవా?"

"నువ్వే చెప్పు. మంత్రాలు నీవి కదా."

"మంత్రం నాదే. బలం మీది. మీరు ప్రతి మోకులోనూ ఒక వెంట్రుక దాచి పంపారు. అబ్బ, ఎంత మర్యాదస్తులు! ఆ వెంట్రుకకు బంధనం చదివాను. పక్షి మోకును లాగితే, పేనినవాడి ఒళ్ళు ఎదురు లాగుతుంది. ఇక్కడ పక్షిని ఆపుతున్నది పీచు కాదమ్మా, మీ ఊరు."

కామసాని స్తంభాల వంక చూసింది. ముడులు చదవడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. జంటముడి ఓబయ్యది. నాలుగే ఉన్నాయి. మిగతావాళ్ళవీ మూడో నాలుగో. నాలుగు మోకుల బరువుకు ఊళ్ళో అందరికీ సలుపు, ఆయనకొక్కడికే చావు ఎందుకు? ఆమె చూపు ముక్కంటి ముడి దగ్గర ఆగింది. మూడు కళ్ళలా మూడు మెలికలు, కోనప్ప ముడి. పన్నెండు ఉన్నాయి. పన్నెండు మోకుల బరువు మోస్తున్న కోనప్ప ఎదురుగా దుక్కలా నిలబడి ఉన్నాడు.

ఆమె ఆయన నెత్తి వంక చూసింది. నున్నగా ఉంది. ఇరవయ్యేళ్ళుగా నున్నగానే ఉంది. ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు, ఈ ముసలాయన మోకులో వెంట్రుక ఎక్కడిదని అడిగిన పాపాన పోలేదు! పెద్ద పనివాణ్ణి అడగడమేమిటని మర్యాద. ఆ మర్యాద మండా!

"మామా," అంది కామసాని. "ఆ పన్నెండింటిలో వెంట్రుకలు ఎవరివి?"

కోనప్ప నోరు తడుపుకున్నాడు. "అది కాదే అమ్మీ..."

"ఎవరివి?"

"ఓబయ్యది ఒత్తు జుట్టు కదే. మంగలి గొరిగినప్పుడు పక్కన పడిందే తెచ్చుకునేవాణ్ణి. వెంట్రుక లేనివాడు పేనకూడదని సభలో ఏ వెధవైనా అంటే నా బతుకేం కావాలి? సిగ్గుకొద్దీ చేశానే. దీని సంగతి నాకేం తెలుసు అప్పుడు?"

"తెలిసింది ఎప్పుడు?"

జంభకేతుడు నవ్వి, "ఏడాదైంది. నేనే చెప్పాను" అన్నాడు.

"ఏడాది!" ఆమె గొంతు లోయలో మోగింది. "ఏడాదిగా తెలిసీ, ఇంటికొచ్చి, ఆయన మంచం పక్కన కూర్చుని, ఎలా ఉంది అల్లుడూ అని అడిగావా? ఛీ! నీ మొహం మీద ఉమ్మెయ్యాలి!"

"ఊరు తినాలి కదే!" కోనప్ప కూడా అరిచాడు. "మూడు వందల గడపలు! ఒక్కడు మంచం పడితే మూడు వందల పొయ్యిలు వెలిగాయి. నువ్వు తిన్నావు, నేను తిన్నాను. అప్పుడు చేదుగా ఉందా?"

"అయితే ఊరంతా కలిసి నా మొగుణ్ణి తిన్నామన్నమాట."

జంభకేతుడు చెయ్యెత్తాడు. "మీ ఇంటి గొడవ తర్వాత. నాకు నూట ఎనిమిది మోకులు కావాలి. నూరు ఉన్నాయి, ఈ రోజు ఎనిమిది వచ్చాయి. పున్నమికి ఈ పక్షి నాకు లొంగుతుంది, దీనిమీదెక్కి ఏడు రాజ్యాలు తొక్కుతాను. పెద్దా, విను. ఈ ఎనిమిదీ కట్టించు, బేరం కొనసాగించు. ఓబయ్య వెంట్రుకలు పదహారూ తీసి నీ చేతిలో పెడతాను. ధాన్యం రెట్టింపు పంపుతాను. ఆ పదహారు మోకుల బదులు మరో పదహారు పేనిస్తే చాలు. ఎవరి జుట్టు పెడతావో నీ ఇష్టం. మీ ఊళ్ళో పనికిరాని ముసలివాళ్ళు లేరా?"

నిజం చెప్పాలంటే కామసానికి ఆశ పుట్టింది. పదహారు వెంట్రుకలు! రేపటికి ఓబయ్య లేచి కూర్చుంటాడు. గంజి కాదు, అన్నం తింటాడు. ఆమె మనసులో ఊళ్ళోని ముసలివాళ్ళ ముఖాలు ఒకటొకటిగా కదిలాయి. ఎవరిని ముందు పంపాలా అని తాను ఎంచుతున్నానని తెలిసి ఆమె ఒళ్ళు జలదరించింది.

"జంభకేతూ," అంది. "మోకురేవు పెద్దగా చెబుతున్నాను. ఈ పూటతో నీకూ మాకూ చెల్లు. నీకిక ఒక్క బార తాడు పేనం. నీ గింజ మా ఊళ్ళో ఉడకదు."

"పిల్లలకేం పెడతావే ముదనష్టపుదానా!" కోనప్ప నెత్తి కొట్టుకున్నాడు.

"తెలీదు మామా. పడవలవాళ్ళని మూడుసార్లు పొమ్మన్నాం. ముప్ఫైసార్లు వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. అప్పటిదాకా పస్తే."

మాట పూర్తికాకముందే దూకింది. నడుముకు దోపుకున్న జింకకొమ్ము తీసింది. తాళ్ళు పేనేవాళ్ళు పురి విప్పే కొమ్ము అది. దగ్గర్లోని జంటముడిలో గుచ్చి ఒక్క తిప్పు తిప్పింది. ముడి వదులైంది, పురులు విచ్చుకున్నాయి, నడుమ నల్లని వెంట్రుక. లాగేసింది. వెంట్రుక పోగానే ఆ మోకు వట్టి పీచు. టప్పున తెగింది. ఎర్రతల మెడ జానెడు వదులైంది.

"పట్టుకోండి!" భటులు పరుగెత్తారు. ఎర్రతల వంగి ఈటెతో సహా ఒకణ్ణి ముక్కున కరిచి లోయ గోడకేసి కొట్టింది. మిగతావాళ్ళు వచ్చినంత వేగంగానూ వెనక్కి తిరిగారు. కామసాని పక్షి గోళ్ళ మధ్యగా పాకి రెండో ముడి పట్టింది, మూడోది పట్టింది. జంభకేతుడు అగ్నిమంత్రం ఎత్తుకుని, సగంలో నాలుక కరుచుకున్నాడు. లోయ నిండా ఎండిన కొబ్బరి పీచు. ఒక్క నిప్పురవ్వ పడితే పక్షిని కట్టడానికి పోగు మిగలదు.

అతను కత్తి దూసి ఒక ముక్కంటి ముడి మోకు మీద పెట్టాడు. "ఆగు! ఇందులో ఉన్నది నీ మొగుడే. కోశానంటే అక్కడ రెండు ముక్కలవుతాడు!"

కామసాని నాలుగో ముడి మీద కొమ్ము ఆనించి, తలెత్తి చూసింది.

"కొయ్యి," అంది. "మా ఆయన పోతాడు. నీ పక్షీ పోతుంది. నాకైతే ఏడవడానికి ఊరుంది. దీన్ని వదిలేశాక నీకేముంది? ఇది ముందు ఎవణ్ణి వెతుక్కుంటుందో తెలుసా?"

బంగారు తల మెల్లగా జంభకేతుడి వైపు తిరిగింది. అతని కత్తి మోకు మీదే ఉంది, కిందికి దిగలేదు. కామసాని అతని ముఖం చూస్తూనే నాలుగో వెంట్రుక లాగేసింది. మోకు తెగింది.

అయిదు. ఆరు. ఏడు. పక్షి పెనుగులాటకు దుమ్ము లేచి లోయ కనబడడం లేదు. ఆ దుమ్ములో పక్కనే ఎవరో దగ్గారు. కోనప్ప! ఆయన చేతిలోనూ కొమ్ము ఉంది. ముక్కంటి ముడి ముందు మోకాళ్ళూని, పాత పనివాడి వేళ్ళతో రెప్పపాటులో విప్పి, వెంట్రుక తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నా ముడి నేనే విప్పాలి కదే," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

కామసాని గుండె కరిగింది. ఎంత తిట్టినా మేనమామ. "ఆ పక్కది చూడు మామా, త్వరగా!" అని ఆయనకు వీపు తిప్పి తొమ్మిదో ముడి అందుకుంది. అదే ఆమె చేసిన తప్పు. తొమ్మిదో వెంట్రుక బయటికి వచ్చిన క్షణాన మెడ వెనక చురుక్కుమంది. తిరిగి చూసేసరికి కోనప్ప పిడికిట్లో ఆమె జుట్టు పాయ, రెండో చేతిలో చిన్న కత్తి.

"ఊరు తినాలి కదే," అని ఏడుస్తూనే పరుగెత్తాడు.

ఈ రోజు తెచ్చిన ఎనిమిది మోకుల్లో ఒకటి కోనప్పది. ఓబయ్య మంచం పట్టాక మంగలికి పని లేక, ఆ మోకుకు వెంట్రుక దొరక్క, మొన తెరిచే ఉంచి, కామసాని కంటపడకుండా చుట్ట అడుగున దాచి తెచ్చాడు. ఇప్పుడు ఆమె వెంట్రుకను పురుల నడుమ పెట్టాడు, మెలిక తిప్పాడు, ముక్కంటి ముడి బిగించాడు. భటులు మోకు విసిరి ఎర్రతల మెడకు ఉచ్చు వేశారు. జంభకేతుడి పెదవులు కదిలాయి.

పక్షి లాగింది. కామసాని భుజాల మీద కొండ విరిగి పడ్డట్టయింది. అంగీ కింద చర్మం చిట్లి నెత్తురు వెచ్చగా కారింది. మోకాళ్ళ మీద కూలబడింది. ఎనిమిది నెలలుగా ఓబయ్య కేక వేయకుండా ఎలా పడుకున్నాడో ఆమెకు అర్థం కాలేదు. తనకు మాత్రం లోయ పగిలేలా కేక వచ్చింది.

జంభకేతుడు తీరిగ్గా నడిచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "ఒక్క మోకుకే ఇలా అయ్యావు. మిగతా ఏడూ కట్టిస్తున్నాను. మీ ఊరి వాళ్ళ వెంట్రుకలే, మీ ఊరి ముడులే. ఇప్పుడు చెప్పు పెద్దా, మన బేరం ఉన్నట్టా, లేనట్టా?"

ఓబయ్యవి ఇంకా ఏడు మిగిలాయి. కామసాని మోచేతుల మీద పాకింది. పక్షి మళ్ళీ లాగింది, ఆమె ముఖం నేలకు కొట్టుకుంది. నోట్లో మట్టి ఉమ్మి, పదో స్తంభాన్ని ఒడిసి పట్టుకుంది.

"లేదు," అని ముడిలోకి కొమ్ము దించింది.